గడప ఉన్న లారీ

ఇల్లంటే ఏమిటో మాకు తొమ్మిదో తరగతి దాకా ఎవరూ చెప్పలేదు. పదో తరగతి పుస్తకంలో ఉండేదేమో, నేను అంతదాకా వెళ్ళలేదు. ఆ ఒక్క సంవత్సరం కూడా చదువుకుని ఉంటే ఇంత జరిగేది కాదని మొదట్లో బాధపడ్డాను. తర్వాత మానేశాను. ఎందుకంటే మా టౌనులో ఇద్దరు పెద్ద ఆఫీసర్లు, గోడ నిండా డిగ్రీ పటాలు తగిలించుకున్నవాళ్ళు, మా లారీ ఇల్లా కాదా అని పంతొమ్మిది రోజులు చూసి కూడా తేల్చలేకపోయారు. చివరికి తేల్చింది మా మూడేళ్ళ బుల్లి. అది ఇంకా అంగన్‌వాడీకి కూడా వెళ్ళలేదు.

మా ఆయన నూకరాజు వరికోత మిషన్లు బాగుచేస్తారు. కోత ఎక్కడుంటే మిషన్లు అక్కడికి పోతాయి, మిషన్లు పోయినచోటికి ఆయన పోతారు. నెల్లూరు వైపు మొదలుపెట్టి, మా గోదావరి మీదుగా, తెలంగాణ దాటి ఒడిశా దాకా. కిందటేడు అలా వెళ్ళినవారు ఏడు నెలలకు తిరిగొచ్చారు. బుల్లి గుమ్మంలో నిలబడి ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, లోపలికి తిరిగి, "అమ్మా, ఎవరో అంకుల్ వచ్చారు" అని కేకేసింది.

ఆయన చేతిలో సంచి కింద పెట్టలేదు. మంచినీళ్ళు అడిగి, పరాయి ఇంట్లో తాగినట్టు నిలబడే తాగారు.

ఆ రోజే చెప్పాను. "ఇకమీదట ఎక్కడికెళ్ళినా ముగ్గురం వెళ్దాం. లేదంటే మీరూ వెళ్ళద్దు."

"ఎక్కడుంటాం వేణీ? నేను పడుకునేది మిషను కింద."

"అయితే మిషను పక్కన ఇల్లు పెట్టండి."

ఊరికే అన్నమాట అది. ఆయన మాత్రం నిజంగానే ఒక పాత లారీ కొనుక్కొచ్చారు. ఒకప్పుడు కోడిగుడ్లు మోసిన బండి కాబట్టి మెల్లగా నడవడం దానికి అలవాటేనని అమ్మినాయన భరోసా ఇచ్చాడట.

నాలుగు నెలలు మేమే చేసుకున్నాం. ఆయన వెల్డింగు, నేను పట్టుకోవడం. పైకప్పు రేకుకీ ప్లైవుడ్డుకీ మధ్య కొబ్బరి పీచు దట్టించాం, ఎండకి లోపల ఉడికిపోకుండా. గోడకి బందులు వేసి మడత మంచం. మంచం కింద పానాలు, బేరింగులు ఉండే పెట్టె. గిన్నెల అరకి అడ్డంగా ఇనపకడ్డీ, గతుకుల్లో గిన్నెలు ఎగిరి పిల్ల మీద పడకుండా. పైన నీళ్ళ డ్రమ్ము. గ్యాసు బండ లోపల వద్దని నేను రెండు రోజులు అన్నం మానేస్తే, బయట దానికో ఇనప పంజరం కట్టి తాళం వేశారు. ప్రతి మూలకీ పాత చీరలు చుట్టి కుట్టాను. తలుపుకి మూడు గొళ్ళేలు పెట్టించాను.

"ఇదేమన్నా బ్యాంకు లాకరా?" అన్నారు మా ఆయన.

"బ్యాంకు లాకరులో పిల్లలు పాకరండీ" అన్నాను.

డ్రైవరు సీటు వెనక, మేముండే గదిలోకి కనపడేలా ఒక కిటికీ కోయించాను. నా తల పట్టేంత చాలన్నారాయన. భుజాలు కూడా పట్టాలన్నాను. వెనక పిల్లకి ఏదైనా అయితే తలొక్కటే వెళ్ళి ఏంచేస్తుంది? భుజాలు పట్టేలా కోశారు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంతవరకూ మేం చేసిన తప్పేమీ లేదు. తప్పులు నేను చేసినవి మూడు.

మొదటిది గడప. వెనక తలుపు దగ్గర నాలుగంగుళాల ఎత్తు వేపకర్ర గడప పెట్టించాను. సామాను దొర్లిపోకుండా, పిల్ల దొర్లిపోకుండా. గడపంటూ ఉన్నాక ఊరుకుంటామా? పసుపు రాశాను, కుంకుమ బొట్లు పెట్టాను.

రెండోది దిష్టి. మా ఆయన లారీవాళ్ళందరిలాగే వెనక బంపరుకి పాత చెప్పు కడతానన్నారు. మేం కాపురముండే చోట చెప్పు వేలాడేయడమేమిటని పోట్లాడి బూడిదగుమ్మడికాయ కట్టించాను.

మూడోది, పాలు పొంగించడం. మంచిరోజు చూసుకుని, మేమున్న వీధిలో పదిమందిని పిలిచి, లారీలో పాలు పొంగించాను. పాలు తూర్పుకి పొంగాలని మా ఆయన లారీని రెండుసార్లు ముందుకీ వెనక్కీ తీసి తిప్పి పెట్టారు. అద్దెగదులు ఖాళీ చేసి అదే రోజు అందులోకి చేరాం.

లారీ బాడీ మారిస్తే బండి కాగితాల్లో రాయించుకోవాలి. లేకపోతే ప్రతి చెక్‌పోస్టులోనూ ఆపుతారు. మార్చి పదిహేను పొద్దుటికి నెల్లూరులో ఉండాలి. ఇరవై రోజుల ముందే, ఫిబ్రవరి ఇరవై మూడున, రవాణా ఆఫీసుకి తీసుకెళ్ళాం.

తనిఖీ అధికారి వల్లభేశ్వరరావు గారు. నుదుటిమీద మూడు విభూతి గీతలు, చేతిలో కర్ర, కాళ్ళకి లేసుల్లేని నల్ల బూట్లు. టైర్లు కర్రతో కొట్టి చూశారు. హారన్ మోగించి విన్నారు. లైట్లు చూశారు. అన్నిటికీ తలూపారు.

"ఇంక లోపలి భాగము పరిశీలించవలెను" అన్నారు.

"ఆయ్, రండి" అన్నారు మా ఆయన.

ఇనపమెట్లు ఎక్కారు. గడప దగ్గర ఆగారు. ఒక కాలితో రెండో కాలి మడమ నొక్కి బూట్లు రెండూ విప్పి పక్కన పెట్టారు. గడప ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. కుడికాలు లోపల పెట్టారు. వచ్చి మంచం మీద కూర్చున్నారు. ఇంటికి వచ్చినవారికి ఇవ్వకపోతే ఎలాగని నేను గ్లాసుతో మజ్జిగ ఇచ్చాను. తాగారు.

"కరివేపాకు ఎక్కడిదమ్మా, మంచి వాసనొస్తోంది" అన్నారు.

"మా కుండీలోదేనండీ. కిటికీ దగ్గర కట్టాం."

"బాగుంది. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పమ్మా."

తిప్పాను. కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తెరిచి ఎందుకో కిందికి చూసుకున్నారు. ఆయన కాళ్ళకి మేజోళ్ళు మాత్రమే ఉన్నాయి. ముఖం మారిపోయింది.

"నేను బూట్లెందుకు విప్పాను?"

"గడప ఉంది కదండీ" అన్నాను.

"ఇరవై ఏడేళ్ళ సర్వీసు! బస్సులు, లారీలు, అంబులెన్సులు, రోడ్డు రోలర్లు! ఏ వాహనం ముందూ నేను బూట్లు విప్పలేదు. ఒకసారి దేవుడి రథం లాగే ట్రాక్టరు తనిఖీ చేశాను, అప్పుడూ విప్పలేదు." గ్లాసు కింద పెట్టి లేచారు. "నా కాళ్ళు అబద్ధం చెప్పవు. ఇది వాహనం కాదు."

"మరేంటండీ?" అన్నారు మా ఆయన.

"ఇల్లు."

కిందికి దిగి, బూట్లు తొడుక్కుని, ఆఫీసు గదిలో కూర్చుని నివేదిక రాశారు. మాకు చదివి వినిపించారు కూడా. "సదరు వస్తువునకు నాలుగు చక్రములు, ఒక ఇంజను గలవు. అయినను పసుపు పూయబడిన గడప గలదు. దిష్టి నిమిత్తము వాహనములకు కట్టు పాత చెప్పు లేకపోగా, గృహములకు కట్టు గుమ్మడికాయ గలదు. పాలు పొంగించినట్లు పొయ్యి మీద మరకలు గలవు. ముఖ్యముగా, తనిఖీ అధికారి అప్రయత్నముగా పాదరక్షలు విసర్జించియున్నారు. కావున ఇది వాహనమును పోలిన గృహమని నిర్ధారించడమైనది."

"అంటే కాగితాలు ఇవ్వరాండీ?"

"ఇంటికి వాహనం కాగితాలు ఎలా ఇస్తానయ్యా? పైగా ఇల్లు రోడ్డు మీద తిరగడానికి ఏ చట్టంలోనూ అనుమతి లేదు."

"తిరగకూడదని కూడా లేదు కదండీ?"

"నిషేధించవలసిన అవసరం ఇంతవరకూ ఏ ఇల్లూ కల్పించలేదు" అన్నారు వల్లభేశ్వరరావు గారు. తాళంచెవి కవరులో పెట్టి, లక్కతో సీలు వేశారు. "ఇది ఇల్లు కాదని మున్సిపాలిటీ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోండి. అంతవరకు ఇది మా ఆవరణలోనే ఉంటుంది."

మున్సిపాలిటీలో పట్టణ ప్రణాళికాధికారి ఇందుమౌళి గారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో టేపు పెట్టుకుని ఉంటారు. మేం చెప్పింది పూర్తిగా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఇల్లు అని రాయడానికి మాకు ఫారం ఉంది. ఇల్లు కాదు అని రాయడానికి ఫారం లేదు. ఇల్లు కానివాటన్నిటికీ పత్రాలిస్తూ కూర్చుంటే ఊళ్ళో గేదెలకీ కరెంటు స్తంభాలకీ కూడా నేనే సంతకాలు పెట్టాలి."

"మరి మేమేం చెయ్యాలండీ?" అని అడిగాను.

"సోదర శాఖ ఇల్లని నిర్ధారించింది. మేం దాన్ని గౌరవించాలి. కూర్చోండి." ఉత్సాహంగా ఫారం తీశారు. "ఇంటి ముఖం ఏ దిక్కు?"

మా ఆయన నావైపు చూశారు. "స్టీరింగు ఎటు తిప్పితే అటండీ."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అష్టముఖ గృహము" అని రాసుకున్నారు. "స్థలం ఎవరిది?"

"ఆగినచోట ఎవరుంటే వాళ్ళదండీ."

"ఉమ్మడి స్థలము. పునాది లోతు?"

"టైర్లలో గాలి ఉందండీ."

"వాయు పునాది." ఆ మాట ఆయనకి బాగా నచ్చినట్టుంది, కింద గీత గీశారు. "చుట్టూ మూడడుగుల ఖాళీ వదలాలి. ఇంకుడు గుంత తప్పనిసరి. గుంత లేని ఇంటిని మేం ఒప్పుకోం. వారం లోపల తవ్వకపోతే ఇల్లు కూలగొట్టవలసి ఉంటుంది."

ఇల్లు కాదనిపించుకుందామని వెళ్ళినవాళ్ళం, ఇంటినంబరుతో తిరిగొచ్చాం. మర్నాడు ఒకాయన వచ్చి నీలంరంగు రేకు తెచ్చి లారీ నంబరు ప్లేటు కిందే మేకులతో కొట్టి వెళ్ళాడు.

అలా రవాణా ఆఫీసు ఆవరణలో మా కాపురం మొదలైంది. వెళ్ళడానికి వేరే చోటు లేదు, సామానంతా అందులోనే ఉంది. ఆఫీసు ఊడ్చే అచ్చియ్యమ్మ గారు చీపురు పట్టుకుని వచ్చి, నడుంమీద చెయ్యేసి చూసింది.

"ఏవమ్మా, నువ్వేనా మా కొత్త పక్కింటావిడ?"

"ఏడిపించకండి పిన్నిగారూ. పిల్లతో ఇక్కడెలా ఉండను? ఎటు చూసినా బళ్ళే. ఒకటి వెనక్కి తీస్తుంటాడు, ఒకటి ముందుకి తీస్తుంటాడు. నాకు గుండె దడ."

"దడ వాళ్ళకుండాలి గానీ నీకెందుకు? ఇల్లని రాసింది ఆళ్ళేగా. ఇంట్లో ఉన్నట్టే ఉండు. వడియాలు పెట్టుకో."

నాకు ఆ ముక్క మనసులో పడింది.

మొదట ఇంకుడు గుంత. ఇంటికి మూడడుగుల దూరంలో తవ్వాలని ఇందుమౌళి గారే స్వయంగా వచ్చి టేపుతో కొలిచి ముగ్గు గీశారు. ఆ చోటు సరిగ్గా డ్రైవింగు పరీక్షకి ఎనిమిది అంకె వేసిన బాటలో, రెండు సున్నాలూ కలిసేచోట పడింది. మా ఆయన తవ్వి, కంకర పోశారు. అప్పట్నుంచి లైసెన్సు కోసం వచ్చినవాళ్ళు ఎనిమిది వేయబోయి గుంత దగ్గర ఆగి, బండి దిగి, చేత్తో నెట్టుకుంటూ గుంత దాటించి మళ్ళీ ఎక్కేవారు. వల్లభేశ్వరరావు గారు వాళ్ళందరినీ ఫెయిల్ చేశారు, పరీక్షలో కాలు కింద పెట్టినందుకు.

పరీక్ష కోసం పాతిన కర్రలకి తాడు కట్టి బట్టలారేశాను. చాటల్లో వడియాలు పెట్టాను. బుల్లి కాళ్ళకి గజ్జెలు కట్టాను, ఎటెళ్ళినా నాకు వినపడాలని. అది లైసెన్సు కోసం నిలబడ్డ వరసలో చివరికంటా పరిగెత్తి, ఒక్కొక్కరి కాళ్ళూ చూసి, మా మెట్ల దగ్గరికి ఎవరు వచ్చినా "చెప్పులు!" అని గదమాయించేది. వాళ్ళూ విప్పేవారు. విప్పినవాళ్ళందరికీ మజ్జిగ ఇవ్వాల్సి వచ్చేది.

ఈలోపు వల్లభేశ్వరరావు గారి నివేదిక పై ఆఫీసుకి వెళ్ళింది. పైవాళ్ళు మెచ్చుకున్నారట. దానికి "పాదరక్షల పరీక్ష" అని పేరు పెట్టి, ఇకపై అనుమానం వచ్చిన ప్రతి బండికీ చేయమన్నారు. లారీ అన్నాక లోపల దేవుడి పటం ఉంటుంది, అగరొత్తి ఉంటుంది, డ్రైవరు అన్నం వండుకునే స్టవ్వు ఉంటుంది. ఆయన ప్రతి క్యాబిను ముందూ నిలబడి తన కాళ్ళవైపు చూసుకునేవారు. పటం కనపడగానే కాళ్ళు వాటంతటవే బూట్లు విప్పేవి. వారం తిరిగేసరికి ఆవరణలో తొమ్మిది ఇళ్ళయ్యాయి. రెండు ఇసుక లారీలు, ఒక ఇటుకల లారీ, అరటిగెలల వ్యాన్లు నాలుగు, మా పక్కనే ఒక ఇడ్లీ బండి. దానికి ఇంటినంబరు ఇచ్చేటప్పుడు వంటిల్లు తప్ప మరేమీ లేని ఇంటిని ఏమనాలని మున్సిపాలిటీలో రెండు రోజులు చర్చ జరిగిందని విన్నాం.

ఇళ్ళు తొమ్మిదయ్యాక మధ్యలో వీధి ఏర్పడింది. వీధికి దీపం వేశారు. చెత్తబండి రావడం మొదలుపెట్టింది. వల్లభేశ్వరరావు గారి సొంత కారు ఆ వీధి చివర చిక్కుకుపోయింది. మూడడుగుల ఖాళీల లెక్క ప్రకారం వీధి వెడల్పు కారు వెడల్పు కన్నా రెండంగుళాలు తక్కువ తేలింది. ఆయన ఆటోలో రావడం మొదలుపెట్టారు.

నాకివన్నీ చూసి నవ్వుకునే తీరిక లేదు. మార్చి పదో తారీఖున నెల్లూరు నుంచి ఫోను వచ్చింది. మిషన్ల యజమాని. స్పీకరు మీద గొంతు లారీ అంతా వినపడింది.

"ఏమయ్యా నూకరాజూ, పదిహేను పొద్దుటికి నువ్వు రాకపోతే ఇంకో మెకానిక్కుని పెట్టుకుంటా. ఆయన ఉన్నాడు, రెడీగా ఉన్నాడు. మళ్ళీ నన్ననబాక."

ఆయన ఫోను పెట్టేశారు. తర్వాత మంచం కింది పెట్టె లాగి, పానాలు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేయడం మొదలుపెట్టారు.

"ఏంటండీ అది?"

"ఎల్లుండి దాకా చూస్తాను. తాళం ఇవ్వకపోతే బస్సెక్కుతాను. మీరిద్దరూ మీ అమ్మావాళ్ళ దగ్గర ఉండండి. ఈ ఏటికి ఇలా పోనీ వేణీ, వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు మిమ్మల్ని మాస్టారూ అంటుంది."

బుల్లి వచ్చి ఆ సంచి మీద కూర్చుంది. అది ఆటనుకుంది. దాన్ని దించి ఆయన ఇంకో పానా వేశారు, అది మళ్ళీ ఎక్కి కూర్చుంది. నేను చూడలేక బయటికొచ్చేశాను.

బయట అచ్చియ్యమ్మ గారు మా వడియాలు తిరగేస్తోంది. పక్కనే ఎవడో కొత్తగా కొన్న బస్సు హారన్ పరీక్ష చేయిస్తున్నాడు. ఆ మోతకి చాట మీద కాకులు లేచిపోయాయి. నేను చెవులు మూసుకున్నాను. అప్పుడు తట్టింది నాకు. నేనున్నది ఇంట్లో. ఇంటి ముందు హారన్లేమిటి?

లోపలికెళ్ళి కాగితం తీసుకున్నాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, తొమ్మిదో తరగతిలో దానికి బహుమతి కూడా ఇచ్చారు. ఇన్నేళ్ళకి అక్కరకొచ్చింది.

"పట్టణ ప్రణాళికాధికారి గారికి అయ్యా, మీరు నంబరు ఇచ్చిన ఇంట్లో నేను, నా భర్త, మా పాప కాపురం ఉంటున్నాము. మా ఇంటి ముందు రవాణా శాఖ అనువారు వచ్చి ఉంటున్నారు. పొద్దుట పది నుంచి సాయంత్రం ఐదు వరకు హారన్లు మోగిస్తున్నారు. బండి నడపడం రానివాళ్ళను పోగుచేసి మా ఇంటి చుట్టూ తిప్పుతున్నారు. పాప నిద్రపోవడం లేదు. వాళ్ళ మెట్లు మా మూడడుగుల ఖాళీలోకి అడుగున్నర వచ్చాయి. తగు చర్య తీసుకోగలరు."

ఇందుమౌళి గారు మర్నాడు పొద్దున్నే టేపుతో వచ్చారు. ఆఫీసు మెట్లు కొలిచారు. అడుగున్నర కాదు, అడుగు తొమ్మిదంగుళాలు. ఆయన ముఖం కళకళలాడింది.

"నివాస ప్రాంతంలో హారన్ నిషేధం. నివాస ప్రాంతంలో డ్రైవింగు పరీక్ష నిషేధం. నివాస ప్రాంతంలో వాణిజ్య వాహనం ఆపడం నిషేధం." ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క నోటీసు చించి ఆఫీసు తలుపుకి అంటించారు. "తొమ్మిది గృహాల మధ్య ఈ కార్యాలయం అక్రమ ఆక్రమణగా కనిపిస్తోంది. ఎల్లుండి కాలనీని శాశ్వతం చేస్తూ ఉత్తర్వు తెస్తాను. ఆ తర్వాత వీరిని ఖాళీ చేయించాలి."

ఆ రోజు, మర్నాడు, ఆఫీసులో ఒక్క పనీ జరగలేదు. బయట రోడ్డు మీద జనం. లోపల వల్లభేశ్వరరావు గారు హారన్ లేని, బండి లేని, పరీక్ష లేని గదిలో ఒక్కరే కూర్చున్నారు. పన్నెండో తారీఖు సాయంత్రం మా మెట్ల దగ్గరికి వచ్చి, ఎక్కకుండా కిందే నిలబడ్డారు.

"అమ్మా సత్యవేణీ. మీ అర్జీ చూశాను. మా శాఖని ఎవరో పరాయివాళ్ళలా 'అనువారు' అన్నారు."

"తప్పయితే క్షమించండి. చదువుకోలేదు."

"నువ్వు పదో తరగతి పాసయ్యుంటే ఈపాటికి నా కుర్చీ కూడా పోయేది." నిట్టూర్చారు. "ఇది వాహనమే అనుకుందాం. మీరు తీసుకుపొండి. ముందు ఇది కదిలితే మిగతా ఎనిమిదీ కదుల్తాయి."

మా ఆయన సంచి పక్కనపెట్టి గబగబా దిగారు. "ఆయ్! తాళం ఇప్పించండి."

"అలా కుదరదు. నా నివేదికని నేను కొట్టెయ్యలేను. పునఃతనిఖీ చేయాలి. మొదటిసారి పాదరక్షలు విప్పి ప్రవేశించాను కాబట్టి ఇల్లయింది. ఈసారి పాదరక్షలతో ప్రవేశిస్తే వాహనమవుతుంది. రేపు పొద్దున పదిగంటలకి."

పదమూడు పొద్దున పది. మా ఆయన బస్సు పన్నెండింటికి. సంచి కట్టి గుమ్మం పక్కనే ఉంది. వల్లభేశ్వరరావు గారు బూట్లకి కొత్త పాలిష్ పెట్టుకుని వచ్చారు. కవరు సీలు తీసి తాళంచెవి మా ఆయనకిచ్చారు, ఇంజను కూడా చూడాలి కాబట్టి. మెట్లెక్కారు. గడప ముందు నిలబడ్డారు.

కుడికాలు ఎత్తారు. గడప మీదికి తెచ్చారు. నా చేతులతో పసుపు రాసిన గడప మీదుగా బూటుకాలు వెళ్ళాలని నేనే మొక్కుకున్నాను, ఆ దేవుడు ఏమనుకున్నాడో.

"తాతా, చెప్పులు!"

బుల్లి. నడుంమీద చెయ్యి, అచ్చం అచ్చియ్యమ్మ గారిలా.

కాలు గాల్లో ఆగింది. మెల్లగా వెనక్కి వెళ్ళింది. "నా వల్ల కాదమ్మా" అన్నారు వల్లభేశ్వరరావు గారు. ఆయన నుదుటిమీద విభూతి చెమటకి కారుతోంది. "మా అమ్మ గుర్తొస్తోంది."

"గడప తీసేస్తానండీ" అన్నారు మా ఆయన.

"తీసేస్తే కట్టడం మార్పు అవుతుంది. మున్సిపాలిటీ అనుమతి కావాలి."

అంతలో గేటు దగ్గర అచ్చియ్యమ్మ గారి కేక వినపడింది. "టేపాయన వస్తున్నాడండోయ్! చేతిలో పెద్ద కాగితం ఉంది!"

ఆ కాగితం తలుపుకి అంటుకుంటే మేం ఎప్పటికీ ఇక్కడే. ఆయన నెల్లూరులో. చుట్టూ చూశాను. డ్రైవరు సీటు వెనక నా భుజాలకని కోయించిన కిటికీ కనపడింది.

"సార్, అక్కడ గడప లేదు!"

ఆయన ఒక్క పరుగున కిందికి దిగి క్యాబిను ఎక్కారు. మేమూ ఎక్కాం. ముందు ఫైలు కిటికీలోంచి మంచం మీదికి విసిరారు. తర్వాత తల పెట్టారు. తల పట్టింది. భుజాలు పట్టాయి. నేను పొట్ట సంగతి ఆలోచించి కోయించలేదు. ఆయన సగం అక్కడ, సగం ఇక్కడ ఆగిపోయారు. తల, చేతులు, ఫైలు ఇంట్లో. బూట్లు లారీలో.

"లాగండి!" అన్నారు లోపల్నుంచి.

"లాగితే వెనక్కొస్తారండీ."

"అయితే తొయ్యండి!"

బుల్లికి ఎదురుగా రెండు బూట్లు కనపడ్డాయి. అది చేయవలసిన పని అది చేసింది. ఎడమ బూటు ఊడదీసింది. కుడిదాని మీద చెయ్యి వేసేసరికి నేను పట్టుకున్నాను. బయట ఇందుమౌళి గారు "ఆగండి! ఉత్తర్వు!" అని అరుస్తూ బట్టల తాడు కింద వంగి వస్తున్నారు.

"స్టార్ట్ చెయ్యవయ్యా!" అని అరిచారు వల్లభేశ్వరరావు గారు.

మా ఆయన తాళంచెవి తిప్పారు. పంతొమ్మిది రోజుల తర్వాత కూడా ఒక్క తిప్పుకే అందుకుంది, కోడిగుడ్లు మోసిన బండి మహిమ. నా బట్టల తాడూ, కర్రలూ, ఇందుమౌళి గారి టేపూ లాక్కుంటూ గేటు దాటాం. ఇంకుడు గుంత ఒక్కటే అక్కడ మిగిలింది.

లోపల్నుంచి వల్లభేశ్వరరావు గారి గొంతు వినపడింది. వెనక తలుపు తెరిచే ఉంది, దాంట్లోంచి ఆయనకి ఆఫీసు కనపడుతోంది.

"ఆఫీసు వెనక్కి పోతోంది!" అన్నారు. కాసేపాగి, "ఆఫీసు స్థిరాస్తి. అది కదలదు. కావున కదులుచున్నది ఇదియే." ఇంకాసేపాగి, "అమ్మా, పెన్ను నా జేబులో ఉంది. జేబు మీ వైపుంది."

పెన్ను తీసి ఆయన నడుం పక్కనుంచి అందించాను. రైలు గేటు దగ్గర స్పీడు బ్రేకరు వచ్చింది. లారీ ఎగిరింది. ఆయన సీసా మూత ఊడినట్టు ఊడి మంచం మీద పడ్డారు, కుడికాలికి బూటుతో సహా.

హైవే మీద టీ బంకు దగ్గర ఆపేసరికి నివేదిక పూర్తయింది. చదివి వినిపించారు. "పునఃతనిఖీలో కుడి పాదరక్ష సహితముగా ప్రవేశించడమైనది. తనిఖీ సమయమున సదరు వస్తువు తనిఖీ అధికారితో సహా కదలినది. కావున ఇది వాహనమని నిర్ధారించడమైనది." సంతకం చేసి, జేబులోంచి ముద్ర తీసి వేశారు. దిగి, వెనక్కి వెళ్ళి, గుమ్మడికాయ కేసి చూసి ఆగిపోయారు.

"ఒక లోపం ఉండిపోయింది. వాహనానికి దిష్టి చెప్పు ఉండాలి. నా మొదటి నివేదికలో లేదని రాశాను. రేపు ఎవరైనా పట్టుకుంటే?"

మేం ఏదో అనబోయేలోపు బుల్లి చేతిలోంచి ఎడమ బూటు తీసుకున్నారు. మా బట్టల తాడు ముక్కతో బంపరుకి కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశారు. తర్వాత ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో, ఫైలు చంకలో పెట్టుకుని, చాలా హుందాగా ఆటో కోసం చెయ్యెత్తారు.

పద్నాలుగు సాయంత్రానికి నెల్లూరు జిల్లాలో పొలంగట్టున ఉన్నాం. దారిలో రెండు చెక్‌పోస్టుల్లో ఆపారు. బూటు చూసి పంపించేశారు.

పదిహేను పొద్దున మిషన్ల యజమాని వచ్చాడు. మా ఆయన అప్పటికే మిషను కింద దూరి ఉన్నారు, బయటికి కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. మా గడపలో నిలబడ్డ బుల్లిని ఆయన అడిగాడు.

"ఎవరు పాపా, ఆ కింద ఉండేది?"

"మా నాన్న" అంది బుల్లి. అక్కడితో ఆగకుండా యజమాని కాళ్ళవైపు చూసింది. "అంకుల్, చెప్పులు!"